కొమ్ము చూసి చెప్పేయకండి!

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకు చేరే వేళకి వెళ్తే, ఏదో ఒక రోజు ఆ చేప కనిపించకపోదు. మనిషి కంటే పొడవు. నలుగురు పడితేగానీ కదలని బరువు. ముందుకు పొడుచుకొచ్చిన బల్లెం లాంటి ముక్కు. ‘ఇదేం చేప?’ అనడిగితే వచ్చే జవాబు ఒక్కటే... కొమ్ము కోనాం!

పేరు బాగుంది. చూడగానే తట్టే పేరు. కానీ ఆ పేరులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, అది కొమ్ము కాదు. ఆవుకో మేకకో ఉన్నట్టు నెత్తి మీద మొలిచింది కాదది. పై దవడ ఎముకలే సాగి సాగి అలా బల్లెంలా తయారయ్యాయి. కింది దవడ మామూలుగా పొట్టిగానే ఉంటుంది. రెండోది, అది కోనామూ కాదు. కోనాం అంటే వంజరం జాతి. ఆదివారం ఇంట్లో ముక్కలుగా కోసి వేపుడు చేసుకునే చేపకీ దీనికీ చుట్టరికం చాలా దూరం. ఒళ్లు పొడుగ్గా, తోక చీలి నెలవంకలా ఉండటం తప్ప కుటుంబాలే వేరు.

వీటికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కొమ్ము కోనాం అనే ఆ ఒక్క పేరు కింద బంగాళాఖాతంలో తిరిగే నాలుగైదు రకాల చేపలు చేరిపోతాయి. బ్లాక్ మార్లిన్, బ్లూ మార్లిన్, చారల మార్లిన్, సెయిల్‌ఫిష్, ఒక్కోసారి స్వోర్డ్‌ఫిష్ కూడా. అన్నిటికీ ముక్కు పొడవే మరి! ముప్పై కిలోల చేపకీ, మూడొందల కిలోల చేపకీ పేరు ఒకటే అయితే ఎలా?

పేరుదేముంది అనుకోవడానికి లేదు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి నలుగురు మత్స్యకారులు వేటకి వెళ్లారు. గాలానికి పెద్ద కొమ్ము కోనాం పడింది. తాడు లాగుతున్న మనిషిని ఆ చేపే సముద్రంలోకి లాక్కుపోయింది. తోటివాళ్లు చూస్తుండగానే మునిగిపోయాడు. అంతకు మూడేళ్ల ముందు, 2022లో, ఇదే తీరంలో మరో మత్స్యకారుడు ఈ చేప పొడవడంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. రెండుసార్లూ పత్రికలు రాసిన పేరు బ్లాక్ మార్లిన్. ప్రపంచంలో డబ్బున్నవాళ్లు సరదా కోసం వేటాడే చేపల్లో మొదటి వరసలో ఉండేది ఇదే. వాళ్లు దాన్ని పట్టేటప్పుడు బోటులో బిగించిన కుర్చీలో కూర్చుని, నడుముకు పట్టీలు కట్టుకుని, తాడును ఒక స్థాయికి మించి బిగుసుకోనివ్వని రీలు వాడతారు. మన తీరంలో చిన్న పడవ మీద వేటాడేవాళ్లకి కుర్చీ ఉండదు, పట్టీలుండవు. చేతిలో తాడు, అంతే.

అందుకే నీళ్లలో ఉన్నది ఏ చేపో దూరం నుంచే పోల్చుకోగలగడం ఇంటికి తిరిగిరావడానికి సంబంధించిన విషయం కూడా.

కత్తి వేరు, బల్లెం వేరు

ముందుగా స్వోర్డ్‌ఫిష్‌ని పక్కకి తీసేద్దాం. అది తేలిక. ముక్కును అడ్డంగా కోసి చూస్తే మార్లిన్‌ది గుండ్రంగా, కొబ్బరి ఈనె పుల్లని వందరెట్లు పెంచినట్టుంటుంది. స్వోర్డ్‌ఫిష్‌ది బల్లపరుపు. అంచులు పదునుగా, నిజంగానే కత్తిలా ఉంటుంది. పేరు అందుకే వచ్చింది. అంతటితో ఆగకుండా చేపని వెల్లకిలా తిప్పి పొట్ట చూడండి. మార్లిన్‌కీ సెయిల్‌ఫిష్‌కీ పొట్ట కింద రెండు సన్నని తాళ్లలాంటి రెక్కలు వేలాడుతుంటాయి (బడి పుస్తకాల్లో వీటినే వాజాలు అంటారు). స్వోర్డ్‌ఫిష్‌కి అవి అసలుండవు. పెద్దయ్యాక పళ్లుండవు, ఒంటి మీద పొలుసులూ ఉండవు. తోక మొదట్లో ఒక్కో పక్కన ఒక్కటే గట్టు. మార్లిన్‌కైతే రెండేసి గట్లు. ఇక ఆ కళ్లు... గుడ్లగూబకి కూడా అసూయ పుట్టేంత!

పెద్ద కళ్లు ఎందుకంటే దాని పనంతా చీకట్లోనే. పగలు వందల మీటర్ల లోతుకి దిగిపోతుంది, రాత్రి పైకొస్తుంది. ఆ లోతున నీళ్లు మంచులా ఉంటాయి. చల్లబడితే కన్ను, మెదడు మందగిస్తాయి కదా! అందుకే కంటి కండరాల్లో ఒక భాగం కదలడం మానేసి వేడి పుట్టించే పొయ్యిలా మారిపోయింది. మార్లిన్లకీ ఈ ఏర్పాటు ఉంది. ఒళ్లంతా చల్లగా ఉన్నా కన్నూ మెదడూ మాత్రం వెచ్చగా ఉంటాయన్నమాట.

దాని కోపం గురించి ఒక ముచ్చట. 1967లో అమెరికా శాస్త్రవేత్తల ‘ఆల్విన్’ అనే చిన్న జలాంతర్గామి దాదాపు 600 మీటర్ల లోతున సముద్రం అడుగుని పరిశీలిస్తోంది. ఏమనుకుందో ఏమో, ఒక స్వోర్డ్‌ఫిష్ వచ్చి కత్తితో పొడిచింది. కత్తి కాస్తా జలాంతర్గామి పైతొడుగులో ఇరుక్కుంది. ఊడిరాలేదు. లోపలున్నవాళ్లు పరిశోధన ఆపేసి పైకి వచ్చేశారు, చేపతో సహా. ఆ రాత్రి ఓడలో భోజనం ఏమిటో వేరే చెప్పాలా?

స్వోర్డ్‌ఫిష్‌తో ఒకే ఒక్క తంటా ఉంది. అది పిల్లగా ఉన్నప్పుడు వీపు మీద రెక్క తల నుంచి తోక దాకా తెరచాపలా పొడుగ్గా ఉంటుంది. పెరిగేకొద్దీ అది తగ్గి, తల వెనక కొడవలిలా ఒక్క ముక్క మిగులుతుంది. కాబట్టి పిల్ల స్వోర్డ్‌ఫిష్‌ని చూసి సెయిల్‌ఫిష్ అనుకోవడానికి అవకాశం ఉంది. పొట్ట కింద తాళ్లున్నాయో లేవో చూస్తే గుట్టు బయటపడుతుంది.

ఇక సెయిల్‌ఫిష్. వీపు మీద తెరచాప. విప్పిందంటే ఒంటి వెడల్పుని మించిపోయేంత ఎత్తు. మధ్యలో ఉన్న ముళ్లే అన్నిటికంటే పొడవు. నీలం రంగు మీద చుక్కలు. తమిళులు దీన్ని మయిల్ మీన్ అంటారు, అంటే నెమలి చేప. జపాన్‌వాళ్లు ‘బాషో కజికి’ అంటారు. బాషో అంటే అక్కడ పెరిగే ఒక రకం అరటి. ఒకరికి పురివిప్పిన నెమలి కనిపిస్తే, ఇంకొకరికి అరిటాకు కనిపించింది! మార్లిన్‌తో పోలిస్తే ఇది బక్కపలచన. పొట్ట కింది తాళ్లు మాత్రం చాలా పొడవు, దాదాపు మలద్వారం దాకా వస్తాయి. ఎంత పెద్దదైనా వంద కిలోల దగ్గర ఆగిపోతుంది. గేలంతో పట్టినవాటిలో పసిఫిక్ రికార్డు 1947లో గాలపాగస్ దీవుల దగ్గర పట్టిన చేపది. దాని బరువు 100 కిలోలు.

‘సెయిల్‌ఫిష్ గంటకి 110 కిలోమీటర్ల వేగంతో ఈదుతుంది’ అని క్విజ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. పిల్లలు ఇప్పటికీ బట్టీపడుతున్నారు. పాపం, ఆ లెక్క నిలబడలేదు. 2015, 2016 ప్రాంతాల్లో శాస్త్రవేత్తలు కండరాల చురుకుదనాన్నీ, సముద్రంలో నిజంగా ఈదే వేగాన్నీ కొలిచి చూస్తే సెకనుకు ఎనిమిది మీటర్ల అటూఇటూగా తేలింది. అంటే గంటకి 30 కిలోమీటర్లు. ఊళ్లో స్కూటర్ మీద నెమ్మదిగా వెళ్లేంత. నీళ్లలో అదేమీ తక్కువ కాదు కానీ, చిరుతపులితో పోటీపెట్టడం మాత్రం మానేయాలి.

రంగు నమ్మితే అంతే

ఇప్పుడు అసలు చిక్కుముడి. బ్లాక్, బ్లూ, చారల మార్లిన్లు. పేర్లు వినగానే ఏమనిపిస్తుంది? నల్లగా ఉన్నది బ్లాక్, నీలంగా ఉన్నది బ్లూ, చారలున్నది చారలది అని. సరిగ్గా అక్కడే బోల్తాపడతారు.

ఈ చేపల చర్మంలో రంగు కణాలుంటాయి. అవి క్షణాల్లో విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. బతికుండి, ఉద్రేకంలో ఉన్నప్పుడు బ్లూ మార్లిన్‌కీ ఒంటి మీద నీలి చారలు మెరుస్తాయి. చచ్చాక ఆరిపోతాయి. చారల మార్లిన్లు గుంపుగా వేటాడేటప్పుడు, చేపల మందలోకి దూకబోయే మార్లిన్ తన చారల్ని ధగధగా వెలిగిస్తుందనీ, పని అయ్యాక మళ్లీ మామూలైపోతుందనీ డ్రోన్‌తో తీసిన వీడియోల ఆధారంగా 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ‘ఇప్పుడు నా వంతు, అడ్డురాకండి’ అని తోటివాటికి చెప్పడం కావచ్చని వాళ్ల ఊహ.

రంగు ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి జపాన్ చేపల బజారును మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లిషువాళ్లు బ్లాక్ మార్లిన్ అనే చేపని జపాన్‌వాళ్లు ‘షిరో కజికి’ అంటారు. షిరో అంటే తెలుపు! ఇంగ్లిషువాళ్ల బ్లూ మార్లిన్‌ని వాళ్లు ‘కురో కజికి’ అంటారు. కురో అంటే నలుపు! ఎవరిదీ తప్పు కాదు. గాలం వేసినవాడు బతికున్న చేప వీపు చూసి పేరు పెట్టాడు, బజారులో అమ్మేవాడు చచ్చిన చేప రంగు చూసి పెట్టాడు. బ్లాక్ మార్లిన్ చచ్చాక పాలిపోతుంది, బ్లూ మార్లిన్ నల్లబడుతుంది. ఒక నల్లది తెల్లదైంది, ఒక నీలిది నల్లదైంది. లెక్కలు రాసే గుమాస్తా బుర్ర మాత్రం వేడెక్కింది.

మరి దేన్ని నమ్మాలి? రెక్కల్ని.

బ్లాక్ మార్లిన్‌ని పట్టించే గుర్తు మొప్పల వెనక ఉండే పక్క రెక్క. మిగతా మార్లిన్లలో ఆ రెక్కని చేత్తో నొక్కితే విసనకర్ర ముడిచినట్టు ఒంటికి అతుక్కుపోతుంది. ఎదిగిన బ్లాక్ మార్లిన్‌లో అలా ముడవదు. విమానం రెక్కలా బిర్రబిగుసుకుని ఉంటుంది. బలవంతంగా ముడవాలంటే కీలు విరగాల్సిందే. చిన్న చేపల్లో ఈ బిగుతు అంతగా ఉండకపోవచ్చు కానీ, డెబ్బై ఎనభై కిలోలు దాటిన చేప రెక్క ముడవనంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. హార్బర్ నేల మీద పక్కకి పడుకోబెట్టిన చేప పై రెక్క నిటారుగా గాల్లోకి నిలబడి ఉందనుకోండి... అదే!

రెండో గుర్తు వీపు రెక్క ఎత్తు. తల వెనక మొదలయ్యే చోట ఎంత ఎత్తుందో చూసి, దాన్ని ఒంటి లోతుతో, అంటే వీపు నుంచి పొట్ట దాకా ఉన్న కొలతతో పోల్చాలి. బ్లాక్ మార్లిన్‌లో అది సగానికంటే తక్కువ. ఇంత పెద్ద ఒంటికి ఇంత పొట్టి రెక్కా అనిపిస్తుంది. బ్లూ మార్లిన్‌లో సగం దాటి, మూడింట రెండొంతుల దాకా ఉండి, కొస సూదిగా ఉంటుంది. చారల మార్లిన్‌లో ఒంటి లోతుతో సమానం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. సెయిల్‌ఫిష్ సంగతి చెప్పుకున్నాం కదా, అది తెరచాప. స్కేలు అక్కర్లేదు. జానతో కొలిచినా చాలు. నీళ్లలో ఎగిరి దూకే చేపని పడవ మీంచి చూసినా ఈ తేడా చాలావరకు తెలుస్తుంది. తెరచాప విప్పి గెంతులేస్తే సెయిల్‌ఫిష్. పీపాలాంటి ఒళ్లు, మూపురంలా లేచిన మెడ, దాని మీద పొట్టి రెక్క అయితే... తాడు చేతికి చుట్టుకుని ఉంటే వెంటనే విప్పేయడం మంచిది.

ఇంకా అనుమానం తీరకపోతే ఒంటి పక్కన చూడాలి. చేపలన్నిటికీ నీటి కదలికని పసిగట్టే ఒక గీత ఉంటుంది. బ్లాక్, చారల మార్లిన్లలో అది ఒంటరి గీత, బ్లాక్‌లో అయితే సరిగ్గా కనిపించదు కూడా. బ్లూ మార్లిన్‌లో మాత్రం ఆ గీత కొమ్మలు వేసి, ఒళ్లంతా కోళ్లగూడుకి కొట్టే ఇనుప వలలా అల్లుకుని ఉంటుంది. పెద్ద చేపల్లో పొలుసుల కింద మరుగున పడిపోతుంది. కాస్త గీకి చూడాలి. ఇంకో చిన్న కిటుకు తోక దగ్గరుంది. వీపు చివర ఒక బుల్లి రెక్క, దానికి సరిగ్గా కింద పొట్ట వైపు ఇంకో బుల్లి రెక్క ఉంటాయి. పైది కాస్త ముందుంటే బ్లాక్, కిందది కాస్త ముందుంటే బ్లూ. నిపుణులు కూడా ముందు పక్క రెక్కనే చూస్తారనుకోండి.

అన్నట్టు, సముద్రం ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. బ్లాక్ మార్లిన్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేప. శాస్త్రీయ నామంలోనే ‘ఇండికా’ ఉంది. అట్లాంటిక్‌లో దారితప్పి వెళ్లింది తప్ప కనిపించదు. వైట్ మార్లిన్ అనేది అట్లాంటిక్‌లోనే ఉంటుంది. విశాఖలో ఎవరైనా తెల్ల మార్లిన్ పట్టామంటే, చచ్చి పాలిపోయిన బ్లాక్ మార్లిన్ అయ్యుంటుందని ఊహించొచ్చు.

బ్లాక్ మార్లిన్ ఎంత పెద్దదవుతుంది? 1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ గేలంతో పట్టిన చేప 1,560 పౌన్లు తూగింది. అంటే 707 కిలోలు! మన అంబాసిడర్ కారు బరువులో సగానికి పైనే. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ చేప గాల్లోకి ఎగరడాన్ని చిత్రీకరించిన దృశ్యాలనే తర్వాత 1958లో వచ్చిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ సినిమాలో వాడుకున్నారు. కథ జరిగేది క్యూబాలో, అట్లాంటిక్ పక్కన. తెర మీద ఎగిరింది పసిఫిక్ చేప. సినిమావాళ్లకి అంత పట్టింపేం ఉంటుంది! ఇంతకీ ఇలాంటి భారీ చేపలన్నీ ఆడవే. మగవి రెండొందల కిలోలు దాటడం అరుదు. అందువల్ల రికార్డు కోసం పెద్ద చేపని చంపితే, లక్షల గుడ్లు పెట్టే తల్లిని చంపినట్టే. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఏటా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు ఈ తల్లులు గుడ్లు పెట్టడానికి చేరతాయి. అక్కడ సరదా వేటగాళ్లు చాలామంది చేపని పడవ దాకా లాగి, గుర్తు చీటీ తగిలించి, వదిలేస్తారు.

చుట్టం వేషంలో ఇంకో చేప

పోల్చుకోవడంలో తడబడితే ఏమవుతుందో అట్లాంటిక్ కథ చెబుతుంది. అక్కడి వైట్ మార్లిన్ చాలా పేరున్న చేప. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం ఓషన్ సిటీలో 1974 నుంచి దాని పేరుతోనే ఏటా పోటీ జరుగుతోంది. గెలిచిన చేపకి లక్షల డాలర్ల బహుమతి. ఇంకోపక్క, ఆ చేప తగ్గిపోతోందనీ, అంతరించే జాతుల జాబితాలో చేర్చాలనీ 2001లో ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోతున్నాయి అని లెక్కలు తీశారు.

ఆ లెక్కల్లో ఎవరికీ తెలియని ఇంకో చేప దాక్కుని ఉంది. 1841లోనే లోవ్ అనే ఇంగ్లిషు ప్రకృతి శాస్త్రవేత్త మదీరా దీవిలో దొరికిన ఒక చేపకి ‘టెట్రాప్టురస్ జార్జియై’ అని పేరు పెట్టాడు. తర్వాత శతాబ్దం పైగా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ‘అలాంటి చేప నిజంగా ఉందా?’ అని అనుమానపడ్డవాళ్లే ఎక్కువ. 1974లో రాబిన్స్ అనే శాస్త్రవేత్త మధ్యధరా ప్రాంతంలో దొరికిన కొన్నిటిని పరిశీలించి, ఉందన్నాడు. అయినా నమ్మకం కుదరలేదు. చివరికి 2006లో మహమూద్ శివ్‌జీ బృందం డీఎన్ఏ పరీక్షలు చేసి తేల్చేసింది. అది వేరే జాతే. అమెరికా పక్కనున్న అట్లాంటిక్‌లో వైట్ మార్లిన్ల మధ్యే తిరుగుతోంది. దాన్ని ఇన్నాళ్లూ వైట్ మార్లిన్ ఖాతాలోనే రాసేస్తున్నారు! 2009లో పాత నమూనాల్ని తిరగేసి చూస్తే, వైట్ మార్లిన్ అని రాసుకున్నవాటిలో సుమారు నాలుగో వంతు ఆ మారువేషం చేపలేనని తేలింది.

రెంటికీ తేడా? ఒంటి మధ్యలో పొలుసుల కొసలు కాస్త గుండ్రంగా ఉంటాయి. ఇంకా తేలికైన గుర్తు, కాస్త మొహమాటమైనా చెప్పక తప్పదు. వైట్ మార్లిన్‌లో మలద్వారం దాని వెనక రెక్కకి దగ్గరగా ఉంటుంది. కొత్త చేపలో బాగా ముందుకి జరిగి ఉంటుంది. ఇంత పెద్ద శాస్త్రమూ చివరికి అక్కడ జానెడు కొలత దగ్గర ఆగింది.

రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే కూడా ఈ చిక్కులో తలదూర్చినవాడే. 1934లో ఆయన ఫిలడెల్ఫియా నేచురల్ సైన్సెస్ అకాడమీ నుంచి చార్లెస్ కాడ్వాలాడర్, హెన్రీ ఫౌలర్‌లని క్యూబాకి రప్పించుకుని, తన పడవలోనే తిప్పి మార్లిన్లని కొలిపించాడు. తెల్లది, వెండిది, చారలది, నల్లది అంటూ వేటగాళ్లు చెప్పేవన్నీ వేర్వేరు జాతులు కాకపోవచ్చు, వయసుతో, ఆడమగ తేడాతో రంగులు మారుతున్నాయేమో అని ఆయన అనుమానం. అన్నీ సరైన ఊహలు కావు. కానీ రంగుని నమ్మకూడదన్న పాయింటు మాత్రం బాగానే పట్టాడు. ఫౌలర్ ఆ మరుసటి ఏడు ఒక కొత్త చేపకి హెమింగ్వే పేరు పెట్టాడు. మార్లిన్‌కి కాదు లెండి, ఒళ్లంతా ముళ్లున్న ఒక తేలు చేపకి! ఈ చుట్టరికాల తగువు 2006 దాకా సాగింది. ఆ ఏడాది కొలెట్, మెక్‌డోవెల్, గ్రేవ్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు జన్యువులు చూసి బ్లాక్ మార్లిన్‌ని బ్లూ మార్లిన్ పక్క నుంచి లేపి, వేరే ప్రజాతిలో కూర్చోబెట్టారు. అంతకు ముందు వరకు అవి అన్నదమ్ములనే అనుకున్నారు.

మన హిందూ మహాసముద్రానికీ ఈ లెక్కలు ముఖ్యమే. టూనా, మార్లిన్ లాంటి చేపల వేటని పర్యవేక్షించే హిందూ మహాసముద్ర టూనా కమిషన్‌లో మన దేశమూ సభ్యురాలు. 2018లో ఆ కమిషన్ ఒక్కో రకానికి ఏడాదికి ఇంతకు మించకూడదని పరిమితి పెట్టింది. సెయిల్‌ఫిష్ 25,000 టన్నులు, బ్లూ మార్లిన్ 11,930, బ్లాక్ మార్లిన్ 9,932, చారల మార్లిన్ కేవలం 3,260. అంకెలు చూస్తేనే తెలుస్తోంది, ఎవరి పరిస్థితి ఎలా ఉందో. చారల మార్లిన్‌ని తెచ్చి ‘కొమ్ము కోనాం’ అని ఒకే కాలమ్‌లో రాసేస్తే, తగ్గిపోతున్న చేప తగ్గుతున్నట్టు కాగితం మీద ఎప్పటికీ కనిపించదు. పైగా పెద్ద ఓడల్లో చోటు కలిసొస్తుందని తలా, ముక్కూ, రెక్కలూ సముద్రంలోనే నరికి పారేసి మొండెం మాత్రం తెస్తారు. పోల్చుకునే గుర్తులన్నీ ఉండేది ఆ నరికేసిన వాటిలోనే కదా! అప్పుడిక డీఎన్ఏ తప్ప దిక్కులేదు. అందుకే కమిషన్ బొమ్మలతో చిన్న చిన్న గుర్తింపు కార్డులు అచ్చువేయించింది. చేప ఇంకా డెక్ మీద ఉండగానే చూసి రాయడానికి.

ఇంట్లో వంట చేసేవాళ్లకీ ఇందులో ఒక మాట ఉంది. ఏ రకం అయినా సరే, ఈ కొమ్ము చేపలు సముద్రంలో వేట గొలుసుకి పైకొసన ఉంటాయి. చిన్న చేపని పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే, నీళ్లలోని పాదరసం అంతా చివరికి వీటి కండలో పోగవుతుంది. స్వోర్డ్‌ఫిష్, మార్లిన్, సొర చేపల్ని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. వండితే పాదరసం పోదు. కొమ్ము కోసేసి ముక్కలు చేశాక బజారులో ఇది ఏ పేరుతో తూకానికొచ్చినా గుర్తుపట్టడం కష్టం కాబట్టి, పెద్ద పెద్ద చక్రాల్లాంటి ముక్కలు కనిపిస్తే ఏ చేపో అడిగి కొనడం మేలు.

హార్బర్‌కి వెళ్లి ఈ చేపని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అందరూ ముక్కు పక్కన నిలబడి తీయించుకుంటారు. సరదా తీరుతుంది కానీ, ఆ ఫొటో చూసి చేప ఏదో చెప్పడం కష్టం. చేపని పక్కకి పడుకోబెట్టి, వీపు రెక్క పైకి లాగి పట్టుకుని, ఒళ్లంతా వచ్చేలా ఒకటి తీయాలి. పక్క రెక్కని ఒంటికేసి నొక్కుతూ ఇంకొకటి. పొట్ట కింద తాళ్లు కనిపించేలా మూడోది. ఆ మూడూ ఉంటే విశాఖలోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలాంటి చోట నిపుణులకి చూపించి పేరు అడగొచ్చు. ముక్కుని వాళ్లు కూడా చివర్లోనే చూస్తారు.